మట్టబల్ల తాగిన మూడు కుండలు

అనగనగా బంగారూ, ఎన్నో సముద్రాల అవతల, రోమన్ల కాలంలో కొండ మీద ఒక చిన్న ఊరు ఉండేది. ఆ ఊళ్ళో టెర్షియా అనే ముసలావిడ ఉండేది. వాళ్ళాయన మంచి వడ్రంగి. ఆయన పోయి చాలాకాలమైంది. కొడుకు క్రిస్పస్ కాలువలు కట్టించే మేస్త్రి.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊళ్ళో ఉన్న ఒక్క బావీ అడుగంటింది. ఇంటికి రోజుకి రెండు కుండలే అన్నారు పెద్దలు. కొండ అవతల మాత్రం, మోసుకు రాలేనంత దూరంలో, ఒక ఊట గలగలా పారుతోంది. దాన్ని కాలువ కట్టి తెచ్చుకుంటే ఊరు నిలుస్తుంది. లేకపోతే ఎండలు ముదిరేలోపు అందరూ మూటాముల్లె సర్దుకుని కొండ దిగిపోవాలి. ఆ భారం క్రిస్పస్ నెత్తిన పెట్టారు.

నీళ్ళు నడవాలంటే కాలువ వాలుగా ఉండాలి కదా. వాలు చూడ్డానికి క్రిస్పస్ వాళ్ళ నాన్న చేసిన మట్టబల్ల తీశాడు. అది మూడు బారల పొడుగు బల్ల. రెండు చివర్లా రెండు కాళ్ళు. ఒక్కో కాలి పక్కనా సీసపు గుండు కట్టిన దారం వేలాడుతుంది, కాలి మీద ఒక గీత ఉంటుంది. దారం గీత మీదికి వస్తే బల్ల సమంగా ఉన్నట్టు. ఊరివైపు కాలి కింద వేలెడు మందం చెక్క పెట్టాక బల్ల సమంగా నిలిస్తే, కాలువ ఊరివైపు వేలెడు వాలినట్టు. చూశావా ఎంత తెలివో!

కానీ ఆ కొండ మీద గాలి ఎక్కువ. దారాలు ఒక్కచోట నిలవ్వు. అలాంటప్పటి కోసమే బల్ల మీద పొడుగ్గా ఒక గాడి తొలిచి ఉంది. అందులో నీళ్ళు పోస్తే గాలి వాటినేం చెయ్యలేదు. నీళ్ళు రెండు చివర్లా ఒకేలా అంచు తాకితే బల్ల సమం.

క్రిస్పస్ ఒక్క కుండ నీళ్ళిమ్మని ఊరిని అడిగాడు. నోట్లోకే లేకపోతే చెక్కకి పోస్తావా అని ఊరంతా కసిరింది. పక్కింటి పోల్లా అయితే, మీ నాన్న బల్లకి దాహమేసిందా నాయనా అని నవ్వింది. నీళ్ళు పొయ్యాలని టెర్షియాకి తెలుసు. అయినా తన కుండ మీద మూత పెట్టుకుని ఊరుకుంది.

అప్పుడు క్రిస్పస్ ఊగే దారాల్నే నమ్ముకున్నాడు. రాళ్ళు పేర్పించాడు. సున్నంలో పెంకుల పొడి కలిపి, చుక్క ఇంకకుండా గచ్చు చేయించాడు. ఆ తర్వాత ఊట దగ్గర తూము తెరిచారు. నీళ్ళు కొండ మలుపు దాకా పరుగెత్తుకొచ్చి, అక్కడ ఆగి, గట్టు పొర్లి లోయలో పడిపోయాయి.

క్రిస్పస్ రెండు రోజులు రొట్టె ముట్టలేదు. టెర్షియా మనసు చివుక్కుమంది. వాళ్ళాయన పని చేస్తుంటే గాడిలో నీళ్ళు పోసింది ఎప్పుడూ తనే. వాలు చూడ్డానికి ఆయన మూడు పనులు చేసేవాడు. వేళ్ళు మడిచి మరీ చెప్పేవాడు. దారం ఒకటి, నీళ్ళు రెండు, మూడోది ఏమిటి? ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రాదు. ఈమధ్య ఆవిడకి అన్నీ అలాగే చేతిలోంచి జారిపోతున్నాయి. ఆయన పని తెలిసిన ఒక్క మనిషినీ నేనే, నేనే మరిచిపోతే ఇక ఎవరికి తెలుస్తుంది అని ఆవిడ దిగులు.

సరే, గుర్తున్నదాన్నయినా చేద్దామని ఆవిడ తన కుండ ఎత్తుకుని మలుపు దగ్గరికి వెళ్ళింది. క్రిస్పస్ వద్దమ్మా అన్నాడు.

"పొయ్యరా నాయనా. మొన్న మూత పెట్టాను, ఇవాళ తీశాను" అంది.

పోశాడు. మలుపులో కాలువ ఊరివైపు కాదు, వెనక్కి వాలి ఉంది. అక్కడ పగలగొట్టారు. సగం సరిచేసేసరికి కుండ ఖాళీ. అప్పుడు పోల్లా తన కుండ తెచ్చింది.

"ఇదిగో వదినా, మీ ఆయన బల్లకి. నా మొహం చూసి నవ్వకు" అంది.

ఆ రెండో కుండతో మలుపు పూర్తయింది. మళ్ళీ తూము తెరిచారు. నీళ్ళు మలుపు దాటాయి. ఊరి గోడ ఇంకో నూరడుగులు ఉందనగా మళ్ళీ నిలిచిపోయి, గట్టు పొర్లి లోయపాలయ్యాయి. గట్టు తెగకుండా వెంటనే తూము మూసేస్తే కాలువ ఎండిపోయింది. బావిలో చూస్తే ఇంకో మూడు రోజులకే నీళ్ళు. పెద్దలు బళ్ళు కట్టమన్నారు.

ఆ తర్వాత టెర్షియా గడప గడపకీ వెళ్ళి, ఒక్క గుక్కెడు పొయ్యండమ్మా అని కుండ పట్టింది. ఈసారి ఎవరూ కసరలేదు. ఆవిడ అలా తడిలేని పెదాలతో నిలబడితే ఎవరికి మాత్రం నోరొస్తుంది? అందరి గుక్కెళ్ళూ కలిసి మూడో కుండ నిండింది.

ఆవిడే స్వయంగా గాడిలో పోసింది. నీళ్ళు రెండు చివర్లా చక్కగా సమంగా నిలిచాయి. తప్పేమీ లేదే అని క్రిస్పస్ తల పట్టుకున్నాడు. అప్పుడు టెర్షియా కుండ కింద పెట్టింది. ఆవిడ చేతులు వాటంతట అవే బల్ల చివర పట్టుకుని ఎత్తబోయాయి. బుర్ర మరిచిపోయింది గానీ, చేతులు మరిచిపోలేదు.

"తిప్పి పెట్టేవాడురా మీ నాన్న. ఈ కొస అటు, ఆ కొస ఇటు" అంది.

తిప్పి పెట్టి, చెక్కని మళ్ళీ ఊరివైపు కాలి కిందే పెట్టి, మిగిలిన నీళ్ళు పోశారు. నీళ్ళు ఒక పక్కకే పారి గాడి దాటి పొర్లాయి. ఇన్నేళ్ళు రాళ్ళ మీద రుద్దుకుని ఒక కాలు వేలున్నర అరిగిపోయింది మరి, ఈ నూరడుగుల్లో ఆ కాలే ఊరివైపు పడింది. పాపం, బల్లకీ వయసొచ్చింది. రెండో కాలినీ అంతే కోసి సరిచేశారు. ఆ నూరడుగులూ మళ్ళీ కట్టారు. మూడో రోజు పొద్దెక్కేసరికి నీళ్ళు ఊరి గోడ దాటి, రాతి తొట్టిలోకి దబదబా దూకాయి. బళ్ళ మీది మూటలు దించేశారు.

ఏది కట్టినా రాయి మీద పేరు చెక్కడం రోమన్ల అలవాటు. పెద్దలు క్రిస్పస్ పేరు చెక్కుదామన్నారు. అతను మా అమ్మ పేరు చెక్కండి అన్నాడు. టెర్షియా ఒప్పుకోలేదు.

"నా పేరు తాగుతారా? ఆ మూడు పనులూ చెక్కండి. రేపు నేను మరిచిపోయినా ఊరికి ఉంటాయి" అంది.

అలాగే తొట్టి మీద చెక్కారు: దారం చూడు, నీళ్ళు పోసి చూడు, తిప్పి చూడు. నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు దాన్నే పాటలా పాడుకునేవాళ్ళు.

కొన్నేళ్ళు గడిచాయి. ఒకరోజు టెర్షియా కర్ర పొడుచుకుంటూ తొట్టి దగ్గరికి వచ్చింది. పాట విని, బాగుందే, ఎవరు చెప్పారమ్మా ఈ మాట అని పోల్లాని అడిగింది. పోల్లా కళ్ళు ఒత్తుకుని, ఎవరో ఒక పెద్దావిడ వదినా అంది.

"ఎవరో గానీ మా బాగా చెప్పింది. చల్లగా ఉండాలి ఆ తల్లి" అంది టెర్షియా. చేతులెత్తి ఒక దణ్ణం పెట్టి, కుండ నింపుకుని, నెమ్మదిగా ఇంటికి నడిచింది.

కథేమో కంచి దారి పట్టింది,
కాలువ నీరు ఊరు మెట్టింది,
మన ఇంటి గడప మనల్ని పిలిచింది,
కళ్ళు మూసుకో, నిద్ర వచ్చి నిలిచింది.