పొట్టేలు నాణెం, పట్టుతెర పల్లకీ

ఇది అక్షరాలా జరిగిన కథ. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా ముప్పై రెండు పళ్ళూ ఇప్పుడే ఊడి ఒళ్ళో పడాలి. అవి ఎప్పుడో ఊడిపోయాయి కదా అని మాత్రం ఎవరూ అనకండి. కథకు అడ్డం.

అనగనగా, చీమలు కూడా చెప్పులేసుకుని సంతకెళ్ళే కాలంలో, గంధవరమని ఒక పట్నం. ఆ పట్నంలో పానకాలని ఒక పాత సామాన్ల వర్తకుడు. ఒక వానాకాలం పాత కోట గోడ కూలితే, అందులో తనకు వెండి నాణేలు దొరికాయన్నాడు. మూడే మూడు దొరికాయన్నాడు. ఒకవైపు పొట్టేలు బొమ్మ, రెండోవైపు ఏ పండితుడూ చదవలేని రాత. ఎంత నల్లబడ్డాయంటే, వాటిని చూసి కాకులు తెల్లబోయాయి.

"పున్నమికొక్కటి చొప్పున వేలం వేయిస్తాను" అని పానకాలు చాటించాడు.

గంధవరంలో వేలానికి ఒక కట్టుబాటు ఉండేది. చెవిన పడిన ప్రతి పాటనూ దండోరా గురవయ్య మూడుసార్లు పలకాలి. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. మూడోసారికి డప్పు మోగిందా, బేరం తెగినట్టే. ఆఖరి పాటలో పదోవంతు, అమ్మినవాడు రాజుగారికి సుంకం కట్టాలి. వేలం మధ్యలో ఆపేసినా సరే, అప్పటిదాకా పెరిగిన పాట మీద సుంకం తప్పదు.

మొదటి పున్నమి నాడు గానుగ బసవయ్య సరదాగా "పది వరహాలు" అన్నాడు.

సంత పక్కన ఒక పల్లకీ దించి ఉంది. దానికి నాలుగు వైపులా పట్టుతెరలు. ఆ తెర వెనుకనుంచి గంభీరమైన గొంతు పలికింది. "ఇంకో నూరు!"

సంత సంతంతా ఒక్కసారిగా మెడ తిప్పింది. ఆ విసురు గాలికి మూడు తాడిచెట్లు ఒరిగిపోయాయి.

బసవయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. గానుగెద్దును అమ్మి, నూట ఇరవై వరహాలకు నాణెం దక్కించుకున్నాడు. రెండో పున్నమికి రాజుగారి సైన్యం నడిపే దళవాయి రంగంలోకి దిగాడు. పల్లకీ గొంతు "ఇంకో నూరు!" అన్నకొద్దీ పెంచాడు. అయిదు వందలకు నాణెం చిక్కింది, ఇల్లు పోయింది.

పల్లకీలో సింహళ రాకుమారి ఉందన్నారు కొందరు. కాదు, అరబ్బు గుర్రాల వర్తకుడన్నారు కొందరు. కుబేరుడే మారువేషంలో వచ్చాడని ఒకాయన దీపం పట్టుకుని ప్రమాణం చేశాడు.

ఆ ఊళ్ళోనే నాంచారమ్మ ఉండేది. ఆమెకూ, ఆమె మొగుడు తిరిపాలుకూ ఉన్న ఆస్తి ఒక్క జామతోట. అందులో కాయలు ఒక్కొక్కటీ పసిపిల్లవాడి తలంత. తిరిపాలు ఒకనాడు అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండా అన్నాడు.

"ఏమే నాంచారీ, మూడోదే ఆఖరి నాణెం. తోట కుదువపెట్టి పాడేస్తాను."

"తోటెందుకు, నీ తల కుదువపెట్టు. రెండు దమ్మిడీలు ఇచ్చే పుణ్యాత్ముడు దొరుకుతాడేమో చూద్దాం."

"నీకేం తెలుసే! మొదటిది నూట ఇరవై, రెండోది అయిదు వందలు. మూడోది కొని వచ్చే ఏటికి అమ్మితే, తోట కాదు, ఊరే కొనొచ్చు."

"అంత ధర పలకడానికి అందులో ఏముందయ్యా?"

తిరిపాలు అప్పుడు ముద్ద కలపసాగాడు. "ఏమో. అందరూ పెంచుతున్నారుగా!"

నాంచారమ్మకు కుతూహలం పుట్టింది. ఆమెకు పుడితే మామూలుగా పుట్టదు. చిన్నప్పుడు ఉల్లిపాయ లోపల ఏముందో చూడాలని మూడు బస్తాలు వలిచిన మనిషి! ఆమె కన్నీళ్ళకు ఆ ఏడు చెరువు అలుగు పోసింది.

ముందు బసవయ్య దగ్గరికి వెళ్ళింది. ఎద్దు లేక అతనే కాడి మెడకెత్తుకుని గానుగ చుట్టూ తిరుగుతున్నాడు.

"ఆ నాణెం ఎందుకు కొన్నావు బసవన్నా?"

"పల్లకీ దొరగారు ఎగబడ్డారు కదమ్మా. అంతటివాళ్ళు ఊరికే ఎగబడతారా?"

అక్కడినుంచి దళవాయి దగ్గరికి వెళ్ళింది. ఆయన గుర్రపుశాలలో గడ్డి మీద కూర్చుని మీసం దువ్వుకుంటున్నాడు.

"తమరెందుకు కొన్నారు బాబూ?"

"గానుగవాడు కొన్నది నేను కొనలేనా? అదీగాక ఆ పల్లకీలోని వాళ్ళు…"

"వాళ్ళెవరు బాబూ?"

"తెలీదు."

"తెలియకుండానే…"

"తెలీదు కనకే పెద్దవాళ్ళు!" అని దళవాయి గర్జించాడు. గుర్రాలు కూడా తలలూపాయి.

నాంచారమ్మ ఆలోచించింది. మొగుడు బసవయ్యను, దళవాయిని చూసి పెంచుతానంటాడు. దళవాయి బసవయ్యను చూసి పెంచాడు. బసవయ్య పల్లకీని చూసి పెంచాడు. మరి పల్లకీ ఎవరిని చూసి పెంచుతోంది?

మూడో పున్నమి తెల్లవారింది. ఆమె గంపెడు జామకాయలు నెత్తిన పెట్టుకుని అందరికంటే ముందే సంతకు చేరింది. పల్లకీ దించి ఉంది. బోయీలు అంబలి తాగడానికి వెళ్ళారు. పల్లకీ కింద ఒక జామకాయ ముక్క పడి ఉంది. నాంచారమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. మనిషి కొరికిన కాయకు పళ్ళ గాట్లుంటాయి. దీనికి ముక్కు గాట్లున్నాయి. తోటలో రోజూ ఇలాంటివి నూరు ఏరేది ఆమే కదా!

తెర దగ్గరికి వంగి, "లోపల ఎవరమ్మా? కాయ నాలుగు వరహాలు, కొంటారా?" అంది.

"ఇంకో నూరు!"

"అయ్యో, నూట నాలుగు వరహాలు ఇస్తారా?"

"ఇంకో నూరు!"

నాంచారమ్మ తెర ఎత్తింది. పట్టు పరుపు మీద, కాలికి వెండి గొలుసుతో, ఒక గోరింక కూర్చుని ఉంది!

ఆమెకు నవ్వు ఆగలేదు. వరహాలన్న మాట వినబడితే చాలు, ఆ పిట్ట నూరు పెంచుతుంది. వేలమప్పుడు పానకాలు పల్లకీ పక్కనే నిలబడేది ఇందుకన్నమాట! దాని నోరు మూయించాలంటే తెరలోంచి ఒక జామముక్క అందిస్తాడు. ముక్క నోట్లో ఉన్నంతసేపూ అది పలకదు. ఆలోగా డప్పు మోగుతుంది.

"నేను అరిచి చెబితే ఎవరు నమ్ముతారు? చెప్పేదేదో నువ్వే చెబుదువుగాని" అంటూ ఆమె గోరింకను నిమిరింది. కాయ తరువాత కాయ తినిపించింది. గంప అడుగంటింది. పిట్ట గుమ్మడికాయంత అయింది. చివరి కాయ చూపిస్తే ముక్కు పక్కకు తిప్పుకుంది.

ఎండ ఎక్కేసరికి సంత నిండింది. ఈ వింత చూద్దామని రాజుగారే వచ్చారు. వేలం మొదలైనట్టు డప్పు మోగింది. తిరిపాలు అరిచాడు.

"మూడు వందల వరహాలు!"

"ఇంకో నూరు!" అంది పల్లకీ.

తిరిపాలు మళ్ళీ నోరు తెరిచాడు. నాంచారమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఒక్క గుక్క ఆగవయ్యా."

"పోతుందే! చేతికందినది పోతుంది!"

"పోతే పోయేది నాణెం. పాడితే పోయేది తోట. పెళ్ళినాడు నా చెయ్యి పట్టుకున్నావు గదా, ఈ ఒక్కసారి నా మాట పట్టుకో."

తిరిపాలు కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి ఆగాడు.

గురవయ్య గొంతెత్తాడు. "నాలుగు వందల వరహాలు, ఒకటోసారి!"

"ఇంకో నూరు!"

సంత నివ్వెరపోయింది. తన పాట మీద తానే పాడేవాడెవడు? కానీ కట్టుబాటు కట్టుబాటే. "అయిదు వందల వరహాలు, ఒకటోసారి!"

"ఇంకో నూరు!"

పానకాలు ముఖం పాలిపోయింది. తెరలోంచి జామముక్క అందించాడు. పిట్ట దాన్ని ఉమ్మేసింది. రెండోది అందించాడు. అదీ ఉమ్మేసింది. మూడో ముక్కకు వేలు పొడిచింది.

ఆరు వందలు వెయ్యి అయింది. వెయ్యి పదివేలైంది. గురవయ్య గొంతు బొంగురుపోతే తమ్ముడు అందుకున్నాడు, తమ్ముడు పడిపోతే బావమరిది అందుకున్నాడు. పాట లక్ష దాటి ఆకాశానికి అంటింది. పైన పోతున్న మబ్బు ఒకటి దానికి తట్టుకుని బోర్లా పడింది. పదోవంతు సుంకం తలుచుకుని పానకాలు డప్పు మీద పడి గుండె బాదుకున్నాడు.

"ఆపండి ప్రభూ! పాడుతున్నది మనిషి కాదు, నా పిట్ట!"

రాజుగారు లేచి తెర లాగారు. గోరింకను చూశారు. గోరింక రాజుగారిని చూసింది.

"భేష్! అమ్మేవాడివీ నువ్వే, కొనేవాడివీ నువ్వేనా? అయితే నాకు రావలసిన సుంకం ఎన్ని వరహాలు?"

"ఇంకో నూరు!" అంది గోరింక.

ఇంకేముంది! బసవయ్య ఎద్దు బసవయ్యకు, దళవాయి ఇల్లు దళవాయికి తిరిగొచ్చాయి. సుంకం కోసం భటులు పానకాలు పెరడు తవ్వితే కాగులకు కాగులు బయటపడ్డాయి. వాటి నిండా పొట్టేలు నాణేలే! మూడే మూడని నమ్మించిన నాణేలు ముప్పై బండ్లకెత్తారు. ఆ సాయంత్రానికి పొట్టేలు నాణెం ధర, తూకంలో వెండి ధరకు దిగింది. పిల్లలు వాటితో వీధిలో బిళ్ళాట ఆడుకున్నారు.

తిరిపాలు తోటలో ఒక కాయ కోసి, తుడిచి, పెళ్ళాం చేతిలో పెట్టాడు. "ఆ తెర ఎత్తి చూడాలని నాకెందుకు తోచలేదే?" అన్నాడు.

"నువ్వు ధర వంక చూశావు. నేను ధర పెంచే గొంతు వంక చూశాను" అంది నాంచారమ్మ కాయ కొరుకుతూ.

విన్నారు గదా. పక్కవాడు పెంచాడని పెంచేవాడు పిట్టకు లోకువ. ధర ఎక్కుతున్నప్పుడు, ఎక్కిస్తున్నదెవరో తెర ఎత్తి చూసినవాడే తెలివిగలవాడు. ఇక నువ్వు లేవవే పిల్లా, నువ్వే, నోరు తెరుచుకుని వింటున్నదానివి! సందు చివర కూరలబండి దగ్గరికి పరుగెత్తి రెండు తోటకూర కట్టలు పట్టుకురా. "నిన్న ఎవరో ఇంతకంటే ఎక్కువిచ్చి కొన్నారు" అన్నాడంటే, ఆ ఎవరో పేరు అడిగి మరీ డబ్బులియ్యి.