పల్లకిలో శరభయ్య

రాయనిపట్నం రాజు మల్లభూపాలుడికి ఏటా వసంతంలో ఒక తలనొప్పి వచ్చేది. అది శత్రువుల వల్ల కాదు, కన్నతల్లి వల్ల.

ఊరి బయట వినోదవనం ఉంది. రంగులరాట్నం, పడవ ఉయ్యాల, జారుడుబల్ల, అద్దాల మేడ, ఒకటేమిటి! జనం విరగబడి వచ్చేవారు. డెబ్బయ్యేళ్ల రాజమాతకు ఒక్కటే కోరిక: మనవణ్ణీ మనవరాల్నీ చెరోపక్క కూర్చోబెట్టుకుని రాట్నం ఎక్కాలి. రెండేళ్లుగా వెళ్తోంది, ఎక్కకుండానే తిరిగొస్తోంది.

"ఈసారీ ఎక్కకపోతే నేను మా పుట్టింటికి పోతాను నాయనా. అక్కడ రాట్నం లేకపోయినా, నీ ఉత్సవాధికారి మొహం చూసే బాధైనా తప్పుతుంది" అని నిండు సభలో చెప్పేసింది ఆవిడ.

ఆ ఉత్సవాధికారి పేరు శరభయ్య. ఆయన ఘనత ఏమని చెప్పమంటారు! మొదటి ఏడాది రాజకుటుంబం వస్తోందని వనమంతా ఖాళీ చేయించాడు. ఎంత శ్రద్ధగా చేయించాడంటే, రాట్నం తిప్పే మనుషుల్ని కూడా తరిమేశాడు. రెండో ఏడాది జనాన్ని ఉండనిచ్చి, రాజుగారి పల్లకి ముందు బాకాలు ఊదించాడు. ఇంకేముంది, రాజును చూడ్డానికి ఊరు ఊరంతా మీదపడింది.

పైగా అక్కడ తాతలనాటి ఆచారం ఒకటుంది. రాజుగారి పల్లకి జనంలో ఆగిందంటే, చివరి మనిషి అర్జీ విని జవాబు చెప్పేదాకా లేవకూడదు. ఆ అర్జీలు అయ్యేసరికి పొద్దుపోయింది. మధ్యలో శరభయ్యగారి స్వాగతపద్యాలొకటి!

తల్లి మాటకు రాజుకు రోషం వచ్చింది.

"జనాన్ని వెళ్లగొట్టకూడదు. వరస తప్పి ఎక్కకూడదు. అయినా పొద్దుగూకేలోగా మా అమ్మ రాట్నం ఎక్కాలి. ఉపాయం చెప్పి నెగ్గినవాళ్లకు బహుమానం. ఓడినవాళ్లు ఏడాదిపాటు ఏనుగుల సాలలో పేడ ఎత్తాలి!"

మూడోనాడు శరభయ్య ఇంత లావు తాటాకుల కట్ట మోసుకొచ్చి చదివాడు. "సూర్యోదయానికి మంగళవాద్యాలు. ఆపైన పూలదండలు. ఆపైన అధికారుల పరిచయం. ఆపైన నా పద్యాలు, నూట ఎనిమిది. ఆపైన విశ్రాంతి..."

రాజమాతకు తాంబూలం చుట్టి ఇచ్చే ఓబులమ్మ అక్కడే నిలబడి ఉంది. ఉండబట్టలేక అడిగింది.

"అన్నీ బాగున్నాయి అయ్యగారూ. అమ్మగారు రాట్నం ఎక్కేది ఏ ఆకులో ఉంది?"

శరభయ్య ఆకులు ముందుకీ వెనక్కీ తిరగేశాడు. ఎక్కడా లేదు. సభ ఘొల్లుమంది.

"తమలపాకులు చుట్టుకునేదానివి, నీకేం తెలుసే!" అని గుర్రుమన్నాడు శరభయ్య. "అంత తెలిస్తే నువ్వు చెప్పు. ఏనుగుల సాలలో చీపురు నీకోసమే ఎదురుచూస్తోంది."

"చెబుతా. రాజుగారి పల్లకి తెరలు దించుకుని, బాకాలతో వనం తూర్పు కొసకు పోవాలి. ఏలినవారు, అమ్మగారు, పిల్లలు మామూలు బట్టలు కట్టుకుని పడమటి ద్వారంలోంచి నడిచి రావాలి. అంతే ప్రభూ."

"మరి పల్లకిలో ఎవరు?" అన్నాడు రాజు.

ఓబులమ్మ శరభయ్యను ఎగాదిగా చూసింది.

"తెర వెనక నీడ కనబడినా రాజసం ఉట్టిపడాలి. అంత నిండైన విగ్రహం ఈ సభలో ఒక్కరిదే."

శరభయ్య మీసం దానంతటదే పైకి లేచింది. ఓబులమ్మ ఓడిపోవాలని మనసులో ఎంత ఉన్నా, పల్లకి అనేసరికి ఆగలేకపోయాడు. "రాజ్యం కోసం ఆమాత్రం కష్టపడనా!" అన్నాడు.

ఆరోజు రానే వచ్చింది. తూర్పున బాకా మోగగానే, వరసల్లో నిలబడ్డ జనమంతా "రాజుగారొచ్చారు!" అంటూ అటు పరుగెత్తారు. రాట్నం దగ్గర తిప్పేవాళ్లు తప్ప పురుగు లేదు. రాజమాత పిల్లల్ని చెరోపక్క కూర్చోబెట్టుకుని ఎక్కింది. దిగింది. మళ్లీ ఎక్కింది. పైకి వెళ్లినప్పుడల్లా చిన్నపిల్లలా కేకలు పెట్టింది. కింద నిలబడ్డ రాజుకు కళ్లు చెమర్చాయి.

పల్లకి దగ్గర కథ వేరు. అర్జీలు మొదలయ్యాయి.

"అద్దాల మేడలో అద్దాలన్నీ శరభయ్యగారి ఇంటికి పోయాయి ప్రభూ. మేం గోడల్ని చూసి నవ్వుకుంటున్నాం."

"వరసలో ఎండకు మాడిపోతున్నాం. పందిరి లేదు. శరభయ్యగారి బొమ్మకు మాత్రం వేశారు."

శరభయ్యకు చెమటలు పట్టాయి. గొంతు మార్చి "విచారిస్తాం, విచారిస్తాం" అంటూ కూర్చున్నాడు. మంచినీళ్లు లేవు, దిగడానికి లేదు. సాయంత్రానికి ఆ జనంలో అర్జీ చెప్పుకోనిది ఒక్క ముసలావిడే మిగిలింది. నోటినిండా తాంబూలం, మాట ముద్దముద్దగా వస్తోంది.

"రెండేళ్లు రాట్నం ఎక్కుదామని వచ్చాను. రెండేళ్లూ ఆ శరభయ్య ఎక్కనివ్వలేదు. వాడికి శిక్ష చెబితేగానీ కదలను."

ఈవిడ కదిలితేగానీ పల్లకి లేవదు. శరభయ్యకు ఓపిక నశించింది.

"సరే! ఆ శరభయ్య ఏడాదిపాటు ఏనుగుల సాలలో పేడ ఎత్తాలి! ఇదే మా తీర్పు! ఇక వెళ్లవమ్మా!"

తెర తొలిగింది. ఎదురుగా బుగ్గన తాంబూలంతో రాజమాత! పక్కన పేలాల పొట్లంతో రాజు. వెనక తమలపాకుల పెట్టెతో ఓబులమ్మ.

"మా అమ్మ ఏడుసార్లు ఎక్కింది శరభయ్యా" అన్నాడు రాజు.

శరభయ్య కిందికి దూకి చేతులు జోడించాడు. "ప్రభూ! అది ముసలావిణ్ణి పంపేయడానికి అన్న మాట! నేనేమైనా రాజునా? నా తీర్పు చెల్లుతుందా?"

ఓబులమ్మ నెమ్మదిగా అంది:

"చెల్లకపోతే, పొద్దుటి నుంచి రాజుగారి పేరు మీద ఇంతమందికి అబద్ధాలు చెప్పినట్టే కదా అయ్యగారూ! దానికి శిక్ష ఏమిటో అడగమంటారా?"

శరభయ్య గబగబా చేతులు అడ్డంగా ఊపాడు.

"వద్దు తల్లీ. పేడే నయం" అన్నాడు.

జనం పగలబడి నవ్వారు. రాజు తన ఉంగరం తీసి ఓబులమ్మ చేతిలో పెట్టి, "ఇకనుంచి ఉత్సవాధికారివి నువ్వే" అన్నాడు.

"ఆ కొలువు రేపు చేద్దువుగానీ, ముందు ఇంకోసారి రాట్నం ఎక్కించవే!" అంది రాజమాత, ఆమె చెయ్యి పట్టుకుని లాగుతూ.