తుడవకుండా మిగిలిన పలక

"అమ్మగారూ, మీరు చెప్పినట్టే చెబుతున్నాను. ఒక్క అక్షరం పొల్లుపోవడం లేదు. మరి నన్ను ఒంటరిగా కథకు ఎందుకు పంపరు?" అని ఎల్లాజీ అడిగినప్పుడు వరహాలమ్మగారు తమలపాకుకు ఈనె తీస్తున్నారు. విజయనగరంలో ఆవిడ హరికథ వినని వీధి లేదు. ఆవిడ పక్కన వయొలిన్ పట్టుకుని కూర్చునే భాగ్యం నాది. అందుకని నేను కాస్త గొప్పలు పోతుంటాను, ఎవరేమనుకున్నా సరే. శిష్యులు ప్రశ్న వేస్తే తిన్నగా జవాబు చెప్పే అలవాటు మాత్రం ఆవిడకు ఏనాడూ లేదు.

ఎల్లాజీది భీమిలి వైపు ఒక జాలరిపేట. గంగమ్మ పండక్కి హనుమంతుడు సముద్రం దాటే కథ పెట్టించుకోవాలని, అదీ తమ పేటవాడే చెప్పాలని పెద్దలు ముచ్చటపడ్డారు. కబురు తెచ్చిన పెద్దమనిషి అరుగు మీద కూర్చునే ఉన్నాడు. సాయంత్రం బస్సుకి ఏ మాటా చెప్పకపోతే నాటకం వాళ్ళకి తాంబూలం ఇచ్చేస్తారట. "మా నాన్నగారు పేటంతా చెప్పుకున్నారండీ, నా కొడుకే చెబుతాడని. ఇప్పుడు కాదంటే ఆయన నలుగురిలో తలెత్తుకోలేరు" అన్నాడు ఎల్లాజీ. 

వాడి కథలో తప్పు పట్టడానికేమీ లేదు, ఆ మాట నేనే ఒప్పుకుంటాను. అమ్మగారు సముద్రం దగ్గరకు రాగానే చెయ్యి చాచి "శతయోజనం!" అంటారు. సభ ఊపిరి బిగబడుతుంది. వాడూ అలాగే చెయ్యి చాస్తాడు, అలాగే అంటాడు. ఆ తర్వాత ఆవిడ గొంతు సవరించుకోవడానికి చిన్నగా దగ్గుతారు చూడండి, వాడు అక్కడ దగ్గుతాడు కూడాను! వాడొక్కడే ఏమిటి, తక్కిన ముగ్గురు శిష్యులూ అంతే.

"పలకలు తెండర్రా, చీట్ల ఆట ఆడదాం" అన్నారు అమ్మగారు.

ఎల్లాజీ ముఖం మాడిపోయింది. వాడి పరువు బస్సెక్కి పోతుంటే ఈవిడకి ఆటలా! కానీ ఎదురాడే ధైర్యం ఎవరికుంది? ఆ ఆట విశాఖలో చదువుకునే మనవరాలు తెచ్చి నేర్పింది. ఆట పెట్టెలో చీట్లమీది ఇంగ్లీషు మాటలు మాకు కొరుకుడు పడకపోతే, అమ్మగారే పాత శుభలేఖలు కత్తిరించి మన మాటలు రాసి పెట్టారు. ఒకడు తన చీటీ తను చూడకుండా తలపాగాలో గుచ్చుకుని కళ్ళు మూసుకోవాలి. తక్కినవాళ్ళు ఆ చీటీమీది మాట అతనికి తట్టేలా తలా ఒక్క మాట పలకమీద రాయాలి, ఒకరిది ఒకరు చూసుకోకుండా. ఇద్దరు ఒకే మాట రాశారా, ఆ పలకలు తుడిచేస్తారు. మిగిలిన వాటిని చూసి అతను చెప్పాలి. చెబితే అందరూ గెలిచినట్టు, లేకపోతే అందరూ ఓడినట్టు. తుడిచే పని నాది.

ఆవేళ చీటీ గుచ్చుకున్నది మృదంగం అప్పలనరసయ్య. చీటీమీద "సముద్రం" అని ఉంది. నలుగురు శిష్యులూ చప్పున రాసేశారు, ఆలోచించినట్టే లేదు. పలకలు అందుకుని చూద్దును కదా, నాలుగింటి మీదా శతయోజనమే! నవ్వాపుకోలేక నాలుగూ తుడిచి అప్పలనరసయ్య ముందు పెట్టాను. అతను కళ్ళు తెరిచి, "ఇదేమిటర్రా, నల్లటి పలకలు చూసి నేనేం చెప్పను? ఒక్కటైనా మిగల్చొద్దూ!" అని లబలబలాడాడు.

శిష్యుల్లో పెద్దవాడు కామేశం ఛాతీ విరుచుకున్నాడు. "చూశారా అమ్మగారూ! నలుగురికీ ఒక్క మాటే తట్టింది. మీ శిష్యులమంటే ఇదీ!"

"అవున్రా. నలుగురికి నేర్పాను, ఒక్కడూ మిగల్లేదు" అన్నారు ఆవిడ.  అప్పలనరసయ్యను మళ్ళీ కళ్ళు మూసుకోమని, "అదే చీటీ. ఇంకోసారి రాయండి" అన్నారు.

ఈసారి ముగ్గురు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని, తల గోక్కుని, మొత్తానికి ఏదో గీకారు. ముగ్గురిదీ "కెరటం". తుడిచేశాను. ఎల్లాజీ మాత్రం బలపం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. రాశాక కూడా పలక నాకివ్వడానికి సిగ్గుపడ్డాడు. దానిమీద "అయ్య" అని ఉంది. వాళ్ళ పేటలో తండ్రిని అలాగే పిలుస్తారు. మా దగ్గర ఎప్పుడూ నాన్నగారనే అనేవాడు.

ఆ ఒక్క పలకా అప్పలనరసయ్య ముందు పెట్టగానే కామేశం విరుచుకుపడ్డాడు. "ఇదేం ఆధారమండీ? ఎవరి అయ్య, ఎక్కడి అయ్య? దీన్ని చూసి ఎవరైనా చెప్పగలరా?" అమ్మగారు చెయ్యెత్తి వాణ్ణి ఆపారు. అప్పలనరసయ్య పలక చూశాడు. ఎల్లాజీని చూశాడు. ఎల్లాజీ తల వంచుకున్నాడు.

"సముద్రం" అన్నాడు అప్పలనరసయ్య.

మేమంతా ఒక్కసారిగా కేకలు పెట్టాం. ఎలా చెప్పావు బాబూ అని అడిగితే అతను తాపీగా, "పోయినేడు వీళ్ళ పేటకెళ్ళాను. మీ అయ్య ఏడిరా అంటే వీడు ఇంటివైపు చూపించలేదు. ఒడ్డున నిలబడి నీళ్ళవైపు చెయ్యి చాచాడు. ఎంత చూసినా నాకు నీళ్ళే కనబడ్డాయి" అన్నాడు.

"ఆ నల్లసుక్క మాయ్య తెప్పేనని నానప్పుడే సెప్పినాను కదా మావా!" అని ఎల్లాజీ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ గొంతు అమ్మగారిది కాదు. వాడు మా ఇంట్లో అడుగుపెట్టాక ఆ గొంతు మేమెవరమూ వినలేదు. వాడికే తెలిసొచ్చి చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యరా. మీ అయ్యతో సముద్రం లోపలికెళ్ళావుగా, ఎలా ఉంటుందో చెప్పు" అన్నారు అమ్మగారు.

వాడు చెయ్యి తీశాడు. "ముందు ఒడ్డుమీది తాడిసెట్లు ములిగిపోతాయండి. ఆనక కొండ ములిగిపోద్ది. ఎటు సూసినా ఒడ్డుండదు. అప్పుడు మన గుండె సప్పుడు మనకే ఇనబడద్దండి. మాయ్య మాత్రం నవ్వుతాడు, బయమేట్రా, ఇంటికొచ్చీసినాం కదా అంటాడు."

 నేను అమ్మగారి వైపు చూశాను. ఎన్నో సభల్లో ఆవిడకు శాలువాలు కప్పడం చూశాను, గండపెండేరం తొడగడం చూశాను. అప్పుడెప్పుడూ ఆ ముఖంలో అంత గర్వం చూడలేదు. నాకైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడమెందుకు.

"అరుగు మీద ఆయనకి చెప్పు, నువ్వే వస్తున్నావని" అన్నారు.

ఎల్లాజీ కాళ్ళమీద పడ్డాడు. లేచి, గుమ్మందాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. "మీరూ వచ్చి ముందు వరసలో కూర్చుంటే నాకు ధైర్యం అమ్మగారూ. ఎక్కడైనా తప్పితే అందిస్తారు" అన్నాడు.

"అందించడానికైతే రాను, వినడానికైతే వస్తాను. నాకు తెలిసిన సముద్రం కోసం అంత దూరం ఎందుకొస్తానురా?" అన్నారు వరహాలమ్మగారు.