సాయంత్రం దాకా ఆగిన చంద్రకాంత

ఒకప్పుడు పూలన్నీ పొద్దున్నే పూసేవి. మల్లె కూడా అంతే. మల్లె ఎందుకు మారిందో మల్లెనే అడగాలి, నాకు తెలీదు. నాకు తెలిసింది చంద్రకాంత సంగతి.

అప్పట్లో చంద్రకాంత సముద్రం దగ్గర ఒక పల్లెలో, చెత్తకుప్ప పక్కన పెరిగేది. దాన్ని ఎవరూ నాటలేదు. ఎవరూ నీళ్ళు పోయలేదు. తెల్లారగానే పూలన్నీ విప్పుకుని, వచ్చేపోయేవాళ్ళ మొహాల్లోకి ఆశగా చూసేది. ఒక్కరైనా దానివంక చూస్తేనా! తనంతట తాను బతికేదాన్ని ఎవరు పట్టించుకుంటారు చెప్పండి?

ఆ ఊళ్ళో అసిరమ్మ అని ఒకామె ఉండేది. ఒంటరి మనిషి. ఉప్పుమళ్ళలో పని. మడిలో సముద్రపు నీళ్ళు ఎండి ఉప్పు తేలితే, దాన్ని గీకి కుప్ప పోయాలి. చీకటితోనే వెళ్ళేది, సందెవేళకి ఇల్లు చేరేది.

పెరట్లో పూలమొక్కలు వెయ్యాలని ఆమెకి ఎప్పటినుంచో కోరిక. కానీ తీరికేదీ? పోనీ నీళ్ళున్నాయా అంటే, ఊరి బావులన్నీ ఉప్పన. తాగే నీళ్ళే దూరం నుంచి మోసుకురావాలి.

ఒకరోజు పెద్ద వాన పడి ఉప్పుమళ్ళు మునిగిపోయాయి. పని లేదు. మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక అసిరమ్మ గునపం పట్టుకుని బయల్దేరింది.

"మందారమ్మా, మా ఇంటికొస్తావేటి?"

"రోజూ బిందెడు నీళ్ళు పోస్తావా?" అంది మందారం.

గులాబీ అయితే ముక్కు ఎగరేసింది. "ఎరువెయ్యాలి, కొమ్మలు కత్తిరించాలి, పురుగు పడితే ఏరాలి. నన్ను పెంచడమంటే మాటలనుకున్నావా?"

చామంతి కలుపు తియ్యమంది, పుల్లలు పాతి నిలబెట్టమంది.

"నా వొల్ల కాదమ్మా," అంది అసిరమ్మ. "ఈ ఒక్కపూటే నాకు కాళీ. ఇప్పుడు పాతేస్తే మళ్ళీ సెయ్యి పెట్టక్కర్లేని మొక్క కావాల నాకు."

చెత్తకుప్ప పక్కనుంచి చంద్రకాంత ఆ మాట విన్నది. "నేనొస్తా! నేనొస్తా!" అని ఆకులన్నీ ఊపింది.

"నీకేటి కావాలే?"

"ఏమీ వద్దు. వాన పడితే తాగుతాను. పైన ఎండిపోయినా నేలలో నా దుంప బతికే ఉంటుంది. గింజలు నేనే రాల్చుకుంటాను, నేనే మొలుస్తాను."

"మరేటీ వొద్దా?"

ఒకటి కావాలి. రోజూ ఒక్కసారైనా తనని ఒకరు చూడాలి. కానీ ఆ మాట అంటే ఈవిడ కూడా వదిలేసి పోతుందేమోనని భయం వేసింది. "వద్దు" అనేసింది.

అసిరమ్మ దాన్ని పెరట్లో నాటింది. మర్నాడు తెల్లారగానే చంద్రకాంత సంబరంగా పూలన్నీ విప్పుకుని వాకిలి వైపు తిరిగింది. తలుపుకి గొళ్ళెం వేసి ఉంది. ఎండెక్కేదాకా చూసి చూసి, పూలు వాడిపోయాయి. సాయంత్రం అసిరమ్మ వచ్చేసరికి అవి పిండి పడేసిన గుడ్డపేలికల్లా వేలాడుతున్నాయి. రోజూ ఇదే వరస.

పక్కింటి సూరమ్మ గోడ మీదనుంచి తొంగిచూసి అంది, "ఒలే అసిరమ్మా, పొద్దున్న నీ పెరడు సూడాలే! రెండు కళ్ళూ సాల్లేదనుకో!"

"నీకేటప్పా, ఇంటికాడుంటావు," అంది అసిరమ్మ. వాడిన పువ్వొకటి చేతిలోకి తీసుకుంది. "నా పెరట్లో పువ్వు విచ్చుకుంటే ఎలాగుంటాదో నానొక్కపాలి కూడా సూళ్ళేదు."

తానొక్కతే ఎదురుచూస్తున్నాననుకుంది చంద్రకాంత ఇన్నాళ్ళూ. ఆవిడా ఎదురుచూస్తోంది!

మర్నాడు సూర్యుడు వచ్చి, "ఊఁ, విచ్చుకో" అన్నాడు.

"ఇవాళ విచ్చుకోను."

"పిచ్చిదానా! తేనెటీగలు వచ్చేది ఇప్పుడే. దేవుడి పూజకి పూలు కోసేది ఇప్పుడే. ఈ పొద్దు దాటితే నిన్నెవరు చూస్తారు?"

"చూసేవాళ్ళు ఒకరున్నారు."

"మధ్యాహ్నం నా ఎండకి మొగ్గలోనే మాడిపోతావు. ఆ తర్వాత ఇక పూయలేవు. ఆలోచించుకో."

"మాడితే మాడతాను," అంది చంద్రకాంత.

సూర్యుడికి ఒళ్ళు మండింది. ఆ రోజు ఎండ నిప్పులు చెరిగింది. తేనెటీగలు వచ్చి, మొగ్గల చుట్టూ తిరిగి, విసుక్కుని వెళ్ళిపోయాయి. రేకులకి లోపలే నొప్పులు పుట్టాయి. కొన్ని మొగ్గలు తాళలేక రాలిపోయాయి కూడా. మిగిలినవాటిని చంద్రకాంత గట్టిగా బిగించి పట్టుకుంది.

సాయంత్రమైంది. ఉప్పుమళ్ళ నుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకి వచ్చేస్తున్నారు. అసిరమ్మ మాత్రం రాలేదు. సముద్రం మీద మబ్బు పట్టిందని, ఉప్పుకుప్పల మీద తాటాకులు కప్పడానికి ఆమెను ఉండమన్నారు. ఆ సంగతి చంద్రకాంతకి ఎలా తెలుస్తుంది?

సూర్యుడు కొండ మీదికి వాలాడు. ఇప్పుడు ఆయనకీ జాలేసింది. "ఇకనైనా విచ్చుకో తల్లీ. నేను దిగిపోతే చీకట్లో నీ రంగు ఎవరికీ కనబడదు."

చంద్రకాంత వీధివైపు చూసింది. వీధి ఖాళీగా ఉంది. ఏడుపొచ్చింది. అయినా విచ్చుకోలేదు.

సూర్యుడు దిగిపోకుండా కొండ అంచున ఇంకాస్సేపు నిలబడ్డాడు.

అప్పుడు దడి తలుపు కిర్రుమంది. నడుం పట్టుకుని, కాళ్ళీడ్చుకుంటూ అసిరమ్మ పెరట్లోకి వచ్చింది. చంద్రకాంత ఒక్కసారిగా పూలన్నీ వదిలేసింది. గులాబీరంగు పూలు, చెట్టు నిండా. పెరడంతా సన్నటి వాసన.

అసిరమ్మ కాళ్ళు కడుక్కోవడం కూడా మరిచిపోయి అక్కడే చతికిలబడింది. ఉప్పు అంటిన చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక్కొక్క పువ్వునీ చూసింది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"నాకోసం ఆగినావేటే?"

"నీకోసమే."

"రేపు కూడా ఆగుతావా? నాకు ఆలీసమైతేనో?"

"నువ్వొచ్చేదాకా ముడుచుకోను," అంది చంద్రకాంత.

అప్పటినుంచే చంద్రకాంత పనికి వెళ్ళినవాళ్ళు ఇల్లు చేరే వేళకి పూస్తుంది. నీళ్ళడగదు, ఎరువడగదు. గోడవారన తానే మొలిచి సాయంత్రం దాకా ఆగుతుంది. ఎవరికైనా ఆలస్యమైతే రాత్రంతా విచ్చుకునే ఉంటుంది. తెల్లారి వాళ్ళు మళ్ళీ పనికి వెళ్ళిపోయాకే ముడుచుకుంటుంది.