పోర్టులో ఎవరో ఉన్నారు

మా అప్పలస్వామి మాస్టారిని ప్రశ్న అడిగి సూటిగా జవాబు రాబట్టినవాడు గాజువాకలో ఇంతవరకూ పుట్టలేదు. టిఫిన్ సెంటరు మీది గదిలో వెబ్‌సైట్లు తయారుచెయ్యడం నేర్పుతారాయన. ఆ రోజు మాతో నేర్చుకునే కిరీటి కంప్యూటర్లో సర్వర్, అంటే పేజీని బ్రౌజర్‌కు అందించే ప్రోగ్రాం, మొరాయించింది. వాడు విసిగిపోయి, "ఎక్కడ తప్పుందో వెతుక్కుంటూ కూర్చోడం ఎందుకు మాస్టారూ? ఫార్మాట్ కొట్టి అంతా చెరిపేస్తే పోలా?" అన్నాడు. వాణ్ణని ఏం లాభం! మా ఊళ్ళో కంప్యూటర్ తుమ్మినా ఫార్మాటే, దగ్గినా ఫార్మాటే. మాస్టారు కోప్పడలేదు. కుర్చీ దగ్గరకు లాక్కుని ఝాన్సీ సంగతి చెప్పారు.

ఝాన్సీ, ఆమె తమ్ముడు పైడిరాజు ఇద్దరూ మాస్టారి దగ్గరే నేర్చుకున్నారు. పైడిరాజు డెంగీ జ్వరంతో పోయాడు, పాపం. తర్వాత ఒక కంపెనీవాళ్ళు ఝాన్సీని పిలిచి, నువ్వు చేసిన పేజీ రేపు పొద్దున్నే చూపించమన్నారు. సరిగ్గా అప్పుడే ఆమె కంప్యూటర్ చచ్చూరుకుంది. గత్యంతరం లేక అటకమీంచి తమ్ముడి కంప్యూటర్ దించింది. కావలసినవన్నీ ఎక్కించి సర్వర్ మొదలుపెట్టింది. అది కదల్లేదు. ఆ పోర్టు, అంటే సర్వర్ కూచునే నంబరు గది, ఖాళీగా లేదని మొండికేసింది. ఎవరున్నారబ్బా అని ఝాన్సీ ఆ నంబరే బ్రౌజర్లో కొట్టి చూసింది.

తెల్లని పేజీ. దాని మధ్యలో ఒకే మాట: "అప్పా, అన్నం తిన్నావా?"

మిట్టమధ్యాహ్నం. పొద్దుటినుంచీ ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. అక్కని 'అప్పా' అని పిలిచేవాడు ఆ ఇంట్లో తమ్ముడొక్కడే. ఝాన్సీ కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే మాట. ఏడుస్తూ మాస్టారికి ఫోన్ చేసి, "భయమేస్తోంది మాస్టారూ, ఫార్మాట్ కొట్టెయ్యండి" అంది.

మాస్టారు వెళ్ళి, బయటినుంచి ఎవరైనా పంపుతున్నారేమోనని ముందు నెట్ తీగ పీకేశారు. పేజీ అలాగే ఉంది. అప్పుడు, ఆ పోర్టు పట్టుకున్నది ఎవరని కంప్యూటర్నే అడిగారు. దానికో ఆజ్ఞ ఉంటుంది. తీరా చూస్తే పైడిరాజు మొదటి పాఠంలో రాసుకున్న చిన్న ప్రోగ్రాం! కంప్యూటర్ లేవగానే తనూ లేచేట్టు పెట్టుకున్నాడు. మాస్టారు దాన్ని కదపకుండా ఝాన్సీ సర్వర్‌కు వేరే నంబరిచ్చారు. ఆమె పేజీ నిక్షేపంలా తెరుచుకుంది. "చచ్చి కూడా నన్నేడిపిస్తున్నాడు సన్నాసి!" అని ఆ పిల్ల నవ్వుతూనే భోరుమంది. మర్నాడు ఉద్యోగమూ వచ్చింది, కానీ మాస్టారు చెప్పదలచింది అది కాదు.

కళ్ళు తుడుచుకుని ఝాన్సీ తమ్ముడి పేజీ ఇంకోసారి తెరిచిందట. అక్కడ, "ఏడవకప్పా. లే, వెళ్ళి తిను" అని ఉంది.

"వాడి ఫైలు అప్పటికప్పుడే తెరిచి చూశానురా," అన్నారు మాస్టారు. "అందులో మొదటి మాట ఒక్కటే ఉంది."

కిరీటి మౌస్ మీంచి చెయ్యి తీసేసి, "మరి రెండోది ఎవరు రాశారు మాస్టారూ?" అన్నాడు.

"అదొక్కటీ నేను వెతకలేదు. ఆ పిల్ల లేచి వెళ్ళి అన్నం పెట్టుకుంది," అన్నారాయన. తర్వాత వాడి కంప్యూటర్ వైపు చూసి, "ఊఁ, కొట్టు ఫార్మాట్. కొట్టేముందు లోపల ఎవరున్నారో ఒక్క మాట అడుగు," అన్నారు.