గవర్రాజు తాత పండగలు

అనగనగనగా, కాలవ గట్టునానుకుని ఒక ఊరుండేది. ఊరి పేరు చెప్పనులే నాన్నా. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, పోట్లాటకొస్తారు. దుప్పటి కాళ్ళ మీదకి లాక్కుని విను.

ఆ ఊళ్ళో గవర్రాజు అని ఒక తాత ఉండేవాడు. కాలవకి లస్కరు. అంటే తలుపులెత్తి పొలాలకి నీళ్ళు వదిలేవాడన్నమాట. అందరికీ సమానంగా వదిలేవాడు, అందుకని ఊళ్ళో సగం మందికి ఆయనంటే పడేది కాదు. ఆయన భార్య భూషమ్మ. వాళ్ళకో కొడుకు, కోడలు రాజ్యం, ఇద్దరు మనవలు. వరాలుకి ఆరేళ్ళు. తమ్ముడు పండుకి మూడేళ్ళు, తిండి దగ్గర మాత్రం వాడికీ ఆరేళ్ళే.

ఒక ఏడు ఆషాఢంలో గవర్రాజు తాత పోయాడు. జబ్బేమీ చెయ్యలేదు. మధ్యాహ్నం భోంచేసి, మజ్జిగ బాగుందని చెప్పి, నడుం వాల్చి మరి లేవలేదు. ఊరంతా వచ్చి ఏడ్చారు. ఎక్కువ నీళ్ళడిగి ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళు ఇంకాస్త గట్టిగా ఏడ్చారు.

ఇంట్లో మనిషి పోతే ఆ ఇంటికి ఏడాదిపాటు పండగలుండవు. గుమ్మానికి తోరణం కట్టరు. కొత్తబట్టలు వేసుకోరు. పొయ్యి మీద నూనె మూకుడు పెట్టరు. పండగపూట ఇరుగుపొరుగువాళ్ళే పిండివంటలు పంపిస్తారు. అది పద్ధతి. పెద్దవాళ్ళందరికీ తెలుసు. వరాలుకి చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

కృష్ణాష్టమి ఏడుపుల్లోనే వచ్చి వెళ్ళిపోయింది. ఆ తర్వాత వినాయక చవితి వచ్చింది. వీధిలో పిల్లలంతా పత్రి కోసం బయల్దేరారు. వరాలు కూడా బుట్ట పట్టుకుని బయల్దేరింది. రాజ్యం గుమ్మంలోనే పట్టుకుని, తాత పోయాడు కదమ్మా, మనకి ఈ ఏడు పండగలు లేవని చెప్పింది. అప్పుడు వరాలు బుట్ట బోర్లించి, దాని మీద కూర్చుని, వీధిలో వెళ్ళే వినాయకుళ్ళందరినీ చూసింది.

పక్కింటి సీతాలు గిన్నె నిండా కుడుములు పంపింది. గిన్నె చిన్నది. ఆ మాట నేను అనట్లేదు, కడిగినవాళ్ళు అన్నారు. పండు కుడుములన్నీ తిన్నాడు. వరాలు ఒక్కటీ ముట్టలేదు.

సాయంత్రం భూషమ్మ మనవరాలికి జడ వేస్తోంది. అప్పుడు వరాలు అంది, "నానమ్మా, తాత పోతూ పోతూ మన పండగలన్నీ పట్టుకుపోయాడు. తాత మంచోడు కాదు."

భూషమ్మ చేతిలో దువ్వెన ఆగిపోయింది.

మొగుడు పోయిన రెండు నెలల్లో ఆవిడ చాలా మాటలు విని ఊరుకుంది. నీళ్ళ దగ్గర పిసినారి అన్నారు, ఊరుకుంది. మొండి మనిషి అన్నారు, అది నిజమే కాబట్టి ఊరుకుంది. ఈ మాట మాత్రం మింగుడు పడలేదు. ఆయన బుజం మీద ఎక్కి కాలవ చూసిన పిల్ల. ఆయన కంచంలో తిన్న పిల్ల. రేపు పెద్దదయ్యాక తాత అనగానే దీనికి గుర్తొచ్చేది లేని పండగలేనా?

అలాగని పద్ధతి తప్పే మనిషి కాదు భూషమ్మ. తప్పినా, ఆవిడ ఆడపడుచు మాణిక్యమ్మ ఊరుకోదు. గవర్రాజుకి అక్కగారు. మూడు ఊళ్ళవతల ఉంటుంది, కానీ ఇక్కడ గిన్నె జారితే అక్కడ ఆవిడకి వినిపిస్తుంది. పద్ధతి తప్పకూడదు, పిల్ల మనసు విరగకూడదు. భూషమ్మ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

తెల్లారింది. భూషమ్మ కుర్చీ ఎక్కి, రెండు నెలలుగా ఎవరూ ముట్టుకోని తాత గొడుగు మేకు మీంచి తీసింది. నట్టింట్లో దాన్ని విప్పి, దూలానికి తలకిందులుగా కాకుండా తిన్నగా వేలాడదీసింది. ఈ రోజు తాత గొడుగు పండగ, ఎవరూ గొడుగు కిందనుంచి బయటికి రాకూడదని పిల్లలకి చెప్పింది.

ముప్పై ఏళ్ళు గట్టు మీద తిరిగిన గొడుగు అది. దాన్నిండా చిల్లులే. పెంకు సందులోంచి ఎండ పడేసరికి ఆ చిల్లుల్లోంచి నేల మీద చుక్కలు రాలాయి. పిల్లలు వాటిని పట్టుకోబోయారు. ఆ తర్వాత గొడుగు ఊచలకి వాళ్ళిష్టమొచ్చినవి కట్టారు. ఒక వంకాయ, రెండు గరిటెలు, నాన్న లుంగీ, పండు పాలసీసా. మధ్యాహ్నం దాని కిందే కూర్చుని పెరుగన్నం తిన్నారు. వాన రాలేదు కాబట్టి వరాలు చెంబుతో పోసింది. రాజ్యం ఇల్లంతా తుడుచుకుంది.

సాయంత్రానికి వరాలు ఆలోచించి, తాత గొడుగు మాత్రం మంచిదేనని ఒప్పుకుంది. గొడుగు వరకే.

కిటికీలోంచి చూసిన సీతాలు ఊరుకోలేదు. అది గొడుగు కాదు, వినాయకుడి మీద కట్టే పాలవెల్లి అని చెరువు గట్టు దాకా చెప్పుకొచ్చింది. చావు మైలలో దొంగచాటుగా చవితి చేసుకున్నారంది. మాట పంతులుగారి దాకా వెళ్ళింది. ఆయన పంచాంగం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిరగేశారు. గొడుగు పండగ ఎక్కడా కనపడలేదు. లేని పండగని తప్పుపట్టడానికి తనకి అధికారం లేదన్నారు. పులిహోర ఏమైనా చేశారా అని మాత్రం అడిగారు. చెయ్యలేదని తెలిసి, అయితే అది అసలు పండగే కాదని తేల్చేశారు.

ఆ తర్వాత దసరా వచ్చింది. ఊళ్ళో పిల్లలు కొత్త గౌన్లేసుకుని ఇంటింటికీ తిరిగారు. వరాలు పాత గౌనులో ఉంది. మర్నాడు పొద్దున్నే నానమ్మ దగ్గరికొచ్చి, ఏమీ అడగకుండా నిలబడింది.

అప్పుడు భూషమ్మ గూట్లోంచి తాత పొడుం డబ్బా తీసింది. డబ్బా ఖాళీదే, కానీ ఇరవై ఏళ్ళ ఘాటు దానికి పట్టేసి ఉంది. గవర్రాజు తాత తుమ్మితే మూడు తుమ్ములు. మొదటిది ఇంట్లోవాళ్ళకి, రెండోది వీధిలోవాళ్ళకి, మూడోది అవతలి గట్టువాళ్ళకి. మూడో తుమ్ముకి కాలవ తలుపులు వాటంతటవే లేచేవని చెప్పుకుంటారు. అదంతా అబద్ధం. కాస్త కదిలేవంతే.

అలా ఆ రోజు తుమ్ముల పండగ అయింది. మిరియాల చారు కాచారు. అరుగు మీద వరసగా కూర్చుని, డబ్బా మూత ఒకరి తర్వాత ఒకరు వాసన చూసి, తాతలాగా ఎవరు తుమ్ముతారో పందెం వేసుకున్నారు. రాజ్యానికి మొదట తుమ్ము రాక కన్నీళ్ళొచ్చాయి. పండుకి తుమ్ము రాకముందే ముక్కు కారింది.

సరిగ్గా అదే వేళకి ఎదురింటి వీరభద్రం కొడుక్కి పిల్లని చూడ్డానికి బయల్దేరాడు. సిల్కు లాల్చీ, చేతిలో అరటిపళ్ళ అత్తం. గుమ్మం దిగాడు. వరాలు తుమ్మింది. అపశకునమని వెనక్కెళ్ళి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ దిగాడు. రాజ్యం తుమ్మింది. మళ్ళీ వెనక్కెళ్ళాడు. మూడోసారి దొడ్డిదారిన బయల్దేరి వీధి మలుపు దాకా వెళ్ళాడు. అప్పుడు భూషమ్మ తుమ్మింది. మొగుడి దగ్గర ముప్పై అయిదేళ్ళు విన్న తుమ్ము, అచ్చు అలాగే వచ్చింది. వీరభద్రం అత్తం జారవిడిచాడు. తొమ్మిదింటి బస్సు వెళ్ళిపోయింది.

అతను ఇంటి ముందుకొచ్చి చెయ్యాల్సినంత గొడవ చేశాడు. అంతసేపూ వరాలు అతని మొహం చూస్తూ నిలబడి, అతను వెళ్ళాక, తాత తుమ్ములు కూడా మంచివేనంది.

మధ్యాహ్నం బస్సులో వీరభద్రం పక్కన కూర్చున్నది మాణిక్యమ్మ ఊరివాడు. వీరభద్రం మనసులో ఏదీ దాచుకోడు, పక్కవాడు ఏదీ మర్చిపోడు. మాట ఆ ఊరు చేరేసరికి గవర్రాజు ఇంట్లో మేళం పెట్టారని, భూషమ్మ పట్టుచీర కట్టిందని అయింది.

దీపావళి వచ్చింది. ఊరంతా మతాబులు, చిచ్చుబుడ్లు. ఈ ఇంటి గుమ్మంలో దీపం లేదు. భూషమ్మ ఇవాళ పిల్ల ఏడుస్తుంది, ఆ మాటే మళ్ళీ అంటుంది అనుకుంది. వరాలు చీకట్లో అరుగు మీద కూర్చుని ఎదురింటి కాకరపువ్వొత్తి ఆఖరి మెరుపు దాకా చూసింది. ఆ తర్వాత నానమ్మ ఒళ్ళో తలపెట్టి, రేపు తాతది ఏం తీద్దామని అడిగింది. భూషమ్మ ఏదో చెప్పబోయేలోపు తనే చెప్పింది, మీసం తీద్దామని.

మర్నాడు మీసాల పండగ. మొక్కజొన్న పొత్తులు ఉడకబెట్టి, పీచు విడిగా తీసి, అన్నం మెతుకులు నలిపి మూతులకి అంటించారు. భూషమ్మ కొడుక్కి అసలు మీసం ఉంది, అయినా దాని మీదే ఇంకోటి అంటించింది వరాలు. పండు తన మీసం తినేశాడు. వాడికి పాలు పట్టి తెల్లమీసం తెప్పించారు. భూషమ్మకి అందరికంటే పెద్ద మీసం. తాత గట్టు మీద నడిచినట్టు చేతులు వెనక్కి కట్టుకుని, నీళ్ళు ఎవడు దొంగిలించాడర్రా అంటూ నట్టింట్లో తిరుగుతోంది.

అప్పుడు గుమ్మంలో మాణిక్యమ్మ నిలబడి ఉంది.

నాన్నా, నిద్రపోయావా? పోలేదా. సరే.

రాజ్యం చెంగు అడ్డం పెట్టుకుంది. కొడుకు దొడ్డివైపు చూశాడు, మగవాళ్ళకి అది అలవాటే. భూషమ్మ మీసం పీకబోయింది, మెతుకులు ఎండి అది ఊడలేదు. చచ్చిపోయిన తమ్ముణ్ణి వెక్కిరిస్తున్నారని వదిన ఒక్క మాటంటే చాలు. ఆ మాటతో ఈ పండగలు ఆగిపోతాయి, పిల్ల మళ్ళీ బోర్లించిన బుట్ట మీద కూర్చుంటుంది.

"ఏవిటే ఇది భూషమ్మా?" అంది మాణిక్యమ్మ.

వరాలే మీసం సర్దుకుని ముందుకొచ్చింది.

"తాత పండగ, పెద్ద మామ్మా."

"మీ తాత పోయాడు కదే. ఇంక పండగేంటి?"

"పోయాడు. పండగలేం పట్టుకుపోలేదు. అన్నీ ఇంట్లోనే పెట్టి వెళ్ళాడు. మేం ఒక్కోటీ వెతుక్కుంటున్నాం."

భూషమ్మ గోడకి ఆనుకుంది. మొగుడు పోయిన తర్వాత మొదటిసారి ఆవిడ తలెత్తుకుని చూసింది.

మాణిక్యమ్మ పీట వాల్చుకుని కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. ఆ తర్వాత భూషమ్మని దగ్గరికి రమ్మని, చెయ్యి చాచి ఆ పీచు మీసాన్ని ఎడమపక్క కాస్త కిందికి లాగింది.

"మా తమ్ముడి మీసం ఈ పక్క జారి ఉండేది. ముప్పై అయిదేళ్ళు కాపరం చేశావు, ఆ మాత్రం చూసుకోలేదా?"

"మీ ఎదురుగానే జారేది వదినా," అంది భూషమ్మ. "ఆయనకి మీరంటే భయం."

మాణిక్యమ్మ నవ్విందో ఏడ్చిందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. రెండు పొత్తులు తిని, ఒక మీసం పెట్టించుకుని, తమ్ముడు చిన్నప్పుడు కాలవలో పడ్డ కథ చెప్పి, సాయంత్రం బస్సెక్కింది. మీసం తియ్యడం మర్చిపోయిందనీ, కండక్టరు "జరగండి బాబాయిగారూ" అన్నాడనీ అంటారు. అది సీతాలు కల్పించిందని నా అనుమానం.

అక్కణ్ణించి ఊళ్ళో తాతలకి కష్టాలొచ్చాయి. పిల్లలు ఇంటికెళ్ళి, మన తాతకి ఏం పండగ చేద్దామని అడగడం మొదలుపెట్టారు. జామచెట్టు దగ్గరికి ఎవర్నీ రానివ్వని సుబ్బయ్య తాతకి తిట్ల పండగ ఖాయం చేశారని తెలిసి, ఆయన మర్నాడే తట్టెడు కాయలు పంచిపెట్టాడు. వీరభద్రం మనవలెవరూ పుట్టకముందే మంచిగా మాట్లాడ్డం నేర్చుకుంటున్నాడు. ఇంకా రాలేదు.

ఏడాది తిరిగింది. తాతకి సంవత్సరీకం పెట్టారు. ఆ తర్వాత మొదట వచ్చింది కృష్ణాష్టమి. రాజ్యం గుమ్మంనించి దేవుడిగది దాకా పిండితో చిన్ని పాదాలు వేసింది. తోరణం కట్టారు. వరాలుకి పచ్చ పరికిణీ కుట్టించారు. భూషమ్మ ఏడాది తర్వాత పొయ్యి మీద మూకుడు పెట్టి బూరెలు వేస్తోంది.

సీతాలు తొంగిచూసి, మొత్తానికి మీ ఇంటికీ పండగొచ్చిందే, ఇప్పుడు సంతోషమేనా అని వరాలుని అడిగింది.

వరాలు తోరణం చూసింది, పాదాలు చూసింది, పరికిణీ ఒకసారి తిప్పి చూసుకుంది.

"బాగానే ఉంది పిన్నీ. కానీ ఇది అందరిళ్ళల్లోనూ ఉండేదే కదా."

లోపల భూషమ్మ ఆ మాట విని నిలబడిపోయింది. ఆ వాయి బూరెలు నల్లగా మాడాయి. అన్నేళ్ళ కాపరంలో ఆవిడ బూరె మాడడం అదే మొదలు. ఆ మాడిన బూరెలే పళ్ళెంలో పెట్టుకుని, తలెత్తుకుని వీధంతా పంచి, సీతాలుకి మాత్రం పెద్ద గిన్నెతో ఇచ్చి వచ్చింది.

కథ పోయింది కంచికి,
కునుకొచ్చింది కంటికి,
దీపం వెళ్ళె మూలకి,
మనమెళ్దామా కలలోకి.