నీళ్ళిచ్చే శిష్యుడు

భానోజీకి వచ్చిన చిక్కల్లా ఒకటే. గురువుగారు తనని మెచ్చుకోవడం లేదు.

సోషల్ వర్క్ చదివి, కాపురాల తగువులు వినే కౌన్సెలింగ్ కేంద్రంలో వరహాలమ్మగారి దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. గురువంటే గడ్డమూ కమండలమూ వెతుక్కోకండి. ఈవిడకి ఉన్నవి మోకాళ్ళ నొప్పులూ, బుగ్గన వక్కపొడీ.

"నా గదిలో ఎవరూ ఎక్కువసేపు ఏడవరు మేడమ్," అన్నాడొకనాడు, పతకం చూపించినట్టు.

నిజమే. ఏడవనిస్తేగా! ఎదుటి మనిషి కళ్ళు చెమర్చీ చెమర్చకముందే నీళ్ళ గ్లాసు ముక్కు కింద పెట్టేవాడు. వచ్చినావిడ తాగేది, కొంగుతో మొహం తుడుచుకునేది, "ఏడిసేసినాను సారూ, ఏటీ అనుకోకండి" అని, ఇతగాడు చెప్పిన రాజీకి తలూపి పోయేది.

"అలాగా," అంది వరహాలమ్మ. "రేపు నీ పక్కన కూచుంటాను. ఆ విద్య నేనూ చూడాలి."

భానోజీ పొంగిపోయి జగ్గు తళతళా తోమి పెట్టాడు.

మర్నాడు నూకరత్నం రెండోసారి వచ్చింది. మొగుడు కింద వీధిలో మోటారుసైకిలు మీద కూచున్నాడు. అత్తతో పడటం లేదని ఆవిడ ఫిర్యాదు. భానోజీ మందు ముందే నూరి ఉంచాడు: వేరు కాపురం. మొగుడు ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు, ఊరి చివర ఇల్లు కూడా చూసేశాడు. ఆవిడ "సరే" అంటే ఈ పూటే సామాను కదులుతుంది.

"అయితే ఆ ఇంట్లో... మేమిద్దరమేనా సారూ?" అంది నూకరత్నం. కళ్ళు చెమర్చాయి.

భానోజీ గ్లాసు అందించాడు. మధ్యలో వరహాలమ్మ చెయ్యొచ్చింది. గ్లాసు లాక్కుని గటగటా తాగేసింది.

ఇంకో గ్లాసు నింపాడు. అదీ తాగేసింది.

ఈలోగా నూకరత్నం భోరుమంది. భానోజీ కంగారుగా జగ్గు ఎత్తాడు. మళ్ళీ నింపాడు. అదీ గురువుగారి గొంతులోకే.

"మేడమ్, అవి ఆవిడకి!" అన్నాడు గుసగుసగా.

"ఆవిడ అడిగిందా?"

"లేదు కానీ..."

"మరి దాహం ఎవరిదిరా?"

జగ్గు ఖాళీ. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక భానోజీ వాటి మీద కూచున్నంత పని చేశాడు. నూకరత్నం ఏడ్చింది. ముక్కు చీదింది. మళ్ళీ ఏడ్చింది. ఇక ఏడవడానికేమీ మిగలక, కిటికీ వైపు ఓ చూపు చూసి, గొంతు తగ్గించింది.

"మాయత్తతో నాకే తగువూ నేదు సారూ. ఆవిడే నన్నిక్కడికి తోలింది. 'నా మీదే సాడీలు సెప్పుకోవే, ఆ వంకనైతే ఆడు నిన్ను గడప దాటనిస్తాడు' అంది. ఆడు కొట్టేటప్పుడు అడ్డం పడే మనిషి ఆవిడొక్కత్తే."

భానోజీ నోరు తెరిచాడు. చేరాక మొదటిసారి, సలహా చెప్పడానికి కాదు, "ఎన్నాళ్ళ నుంచమ్మా?" అని అడగడానికి.

వరహాలమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "నేను బాత్రూంకి పోవాలి. అంతా నీ పుణ్యమే."

కింద నుంచి మొగుడి కేక. "అయిపోనాదా సారూ?"

భానోజీ కిటికీ దగ్గరికెళ్ళాడు.

"లేదు. ఇంకా వింటున్నాను," అని రెక్క మూసి, వచ్చి కూచున్నాడు.